వెనకగది శ్లాబు

"రొయ్యల్ని దాచే రేకుల కింద నన్ను పడుకోబెడతావంట్రా?" అని అచ్చాయమ్మ మనవణ్ణి అడగడం ఆ పూటకి మూడోసారి. పప్పన్నంతో మొదలైన మాట మజ్జిగన్నం దాటింది, కంచాలు ఎత్తేశాక కూడా హాల్లోంచి కదల్లేదు.

"అవి పఫ్ ప్యానెల్స్ మామ్మా," అన్నాడు జయంత్. వాడు ఆకివీడులో రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు. "రెండు రేకుల మధ్య బెత్తెడు మందాన నురగలాంటిది ఉంటది. బయట ఎంత ఎండ కాసినా లోపలికి దిగదు. ఆ శ్లాబు తీసిపారేసి ఇవి బిగించామంటే రెండు రోజుల పని."

"నన్ను ఐసులో పెట్టడానికి ఇంకా టైముంది లేరా."

వెంకట్రాజు తల్లి మాటకి నవ్వాడు గాని కొడుకు మాటకి తలూపలేదు. "శ్లాబు తియ్యక్కర్లేదు. పైన తెల్ల కోటింగు కొట్టించి, కింద థర్మాకోలు పరిచి ఫాల్స్ సీలింగు వేయిద్దాం. వేడీ దిగదు, ఆ పెచ్చులూ కనపడవు. తాడేపల్లిగూడెం నుంచి నాలుగింటికి మనిషి వస్తన్నాడు కొలతలకి."

"కనపడకపోతే ఊడవా నాన్నగారూ? మొన్న పడింది గుప్పెడు కాదు, గంపెడు. మంచం పాతచోటనే ఉండుంటే సరిగ్గా మామ్మ తల మీద పడేది."

"దేవుడే జరిపించాడు మంచాన్ని," అంది అచ్చాయమ్మ. "లేకపోతే ఆ మౌలాలి చేసిన పనికి నేనీపాటికి ఫొటోలో ఉందును. ఉప్పుశ్లాబు మేస్త్రి."

ఆ పేరు పెట్టింది ఆవిడే. ఎనిమిదేళ్ళుగా ఊరంతా అదే పేరుతో పిలిచింది.

"నువ్వేమంటావు ప్రసూనా?" అన్నాడు వెంకట్రాజు.

"అంట్లున్నాయండీ," అని ప్రసూన లేచింది.

అంట్లు సింకులోనే ఉండిపోయాయి. ఆమె వాటిని దాటుకుని, వంటింటి వెనక గుమ్మం దిగి, పన్నెండేళ్ళ కిందట అత్తగారి మోకాళ్ళ ఆపరేషను తర్వాత ఇంటికి తగిలించి కట్టిన గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి, గోడవారనున్న మంచం మీద వెల్లకిలా పడుకుంది. పెళ్ళి శుభలేఖలో తప్ప ఇంకెక్కడా ఎవరూ పూర్తిగా పలకని జ్ఞానప్రసూనాంబ అనే పేరున్న ఆ మనిషికి యాభై రెండేళ్ళు, మధ్యాహ్నం పడుకునే అలవాటు లేదు. గోడ గడియారం మూడుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నాలుగింటికి గూడెం మనిషి వస్తాడు, టేపు పట్టి నాలుగు గోడలూ కొలుస్తాడు, రెండు రోజుల్లో తెల్లటి పలకలు వచ్చి ఈ కప్పుని మూసేస్తాయి. మూసేశాక దీని గురించి ఎవరూ మాట్లాడరు, తనూ మాట్లాడక్కర్లేదు. పన్నెండేళ్ళుగా చెప్పని మాట ఆ థర్మాకోలు మీద మెత్తగా పడుకుని తనకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. ఒక గంట ఊరుకుంటే చాలు.

ఫ్యాను వేడిగాలినే కలియబెడుతోంది. పైన ఎండ తాగిన శ్లాబు కింద మనిషి పడుకుంటే ఎవరో దగ్గరగా వంగి ఊపిరి వదులుతున్నట్టుంటుంది. గది నడిమధ్య చాటంత మేర పెచ్చు ఊడి చువ్వలు బయటపడ్డాయి. చువ్వలని పేరే గాని అవి పొరలు పొరలుగా ఉబ్బి, వేలితో నలిపితే రాలే తుప్పు. ఆ గుంట చుట్టూ మరకలు, గోధుమరంగువి, అంచులు ముదురుగా, మధ్యలో ఉప్పు తెల్లగా పేరి. రెప్ప వెయ్యకుండా చూస్తే కాసేపటికి అది కప్పులా ఉండదు, పైనుంచి చూసిన కొల్లేరులా ఉంటుంది, ఎండాకాలం కొల్లేరు, నీళ్ళు మధ్యకి పోయి అంచులు బురదతేలి, ఇదిగో ఈ పొడుగుపాటిది ఆటపాక వైపు, ఆ మూల చుక్కలు లంకలు, ఆ చుక్కల్లో ఒకదాని ఎదురుగా, మండవల్లి అవతల గట్టున, తన పుట్టిల్లు. తను ఇక్కడ పడుకుని పైనున్న సరస్సుని చూస్తోందా, సరస్సే తలకిందులుగా వంగి తనని చూస్తోందా అనిపించి ప్రసూన కళ్ళు మూసుకుంది. మూసుకున్నా మరకలు పోలేదు, రెప్పల లోపల ఎర్రగా తేలాయి.

పుట్టింట్లో వంటిల్లు ఇంటి వెనక విడిగా ఉండేది, దానికి కిక్కిస కప్పు. సరస్సులో మనిషెత్తున పెరిగే ఆ కిక్కిసగడ్డిని కోసుకొచ్చి ఎండబెట్టి, ఏటా ఎండలు ముదరకముందే పేతురు వచ్చి పాత కప్పు దింపి కొత్తది వేసేవాడు. పాతది దింపాక కొత్తది పైకెక్కేదాకా ఒక పగలంతా వంటింటికి కప్పు ఉండేది కాదు. ఆ రోజు కోసం ప్రసూన బడి మానేసేది. పొయ్యి దగ్గర అమ్మ మీద నేరుగా ఎండ పడుతుండేది, రోజూ పొగలో మసగ్గా కనిపించే అమ్మ ఆ ఒక్కరోజు ముక్కుపుడకతో సహా తళతళలాడేది. పొగ ఎక్కడా ఆగకుండా తిన్నగా పైకి పోయేది, ఆ పొగని తప్పించుకుంటూ గూడకొంగలు బరువుగా, తొందర లేకుండా నెత్తి మీదుగా వెళ్ళేవి. గూట్లో ఉప్పు జాడీ, ఉట్టి మీద పెరుగు, గోడకి కొట్టిన మేకులు, అన్నీ ఆకాశం కింద సిగ్గుపడుతున్నట్టు నిలబడేవి. ఏమయ్యేది, ఏమీ అయ్యేది కాదు. అన్నం ఉడికేది. సాయంత్రానికి పచ్చిగడ్డి వాసనతో కొత్త చీకటి వంటింట్లోకి దిగేది. ఓ ఏడు వాన కారితే అమ్మ అడగకముందే పేతురు అనేసేవాడు, "పోయినేడు పల్చగా వేశానమ్మా, నాదే తప్పు, ఈసారి రెండు మోపులు ఎక్కువేస్తాను" అని. అమ్మ "సరేలే పేతురూ, గంజి తాగు" అనేది. ఏడాదికోసారి మార్చుకునే కప్పు కింద తప్పు కూడా ఏడాదే ఉండేది. సిమెంటు మేలనుకుని, యాభై ఏళ్ళు ఉంటుందనుకుని కదా శ్లాబు పోయించుకున్నారు. యాభై ఏళ్ళు ఉండేదాని కింద ఏం దాచినా యాభై ఏళ్ళు ఉంటుంది.

శ్లాబు పోసిన రోజు పనివాళ్ళకి ఇంటివాళ్ళే భోజనం పెట్టడం ఆచారం. ఆ రోజు పదహారుమందికి కోడికూర వండింది తను. కాంక్రీటు కలిపే మిల్లరు గడగడలు మూడింటికి ఆగాయి. మౌలాలి మేస్త్రి, సన్నగా, గడ్డంలో సిమెంటుతో, వెంకట్రాజు కప్పిన కొత్త తువ్వాలుని మడతపెట్టి పక్కనుంచి పాత తువ్వాలుతోనే చేతులు తుడుచుకుని భోజనానికి కూర్చున్నాడు. మర్నాడు శ్లాబు మీద సన్నగా సిమెంటు గట్లు వేసి, వరిమళ్ళలాగ మడులు కట్టి వాటిల్లో నీళ్ళు నింపాడు. దిగి వచ్చి చెప్పింది మగవాళ్ళకి కాదు, తనకి. నీళ్ళు పట్టేది ఆడవాళ్ళని ఆయనకి తెలుసు. "అమ్మగారూ, రెండే మాటలండి. పద్నాలుగు రోజులు ఒక్క పూట కూడా ఆరనివ్వొద్దండి, ఆరితే నెర్రెలిస్తది. చెరువు నీళ్ళు మాత్రం పెట్టొద్దండి, ట్యాంకరు నీళ్ళే. ఉప్పు చువ్వని తినేస్తదండి, పైకి తెలీదు." "అలాగే మేస్త్రీ," అంది. రెండు మాటలూ సులువుగానే ఉన్నాయి. ఒకదానికొకటి ఎదురుతిరుగుతాయని ఆ పూట అనుకోలేదు.

నాలుగో రోజు. అప్పటికి కాలువలు కట్టేసి వారమైంది, ఊరి మంచినీళ్ళ చెరువు అడుగంటింది, ట్యాంకరు వస్తానని రాలేదు. మౌలాలి తన భార్య చాంద్ బీకి బాగోలేదని ఆమెని ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వెంకట్రాజు ఆ రోజే చెరువులో రొయ్యలు పట్టించి ఆకివీడు లారీలకి ఎక్కించే పనిలో ఉన్నాడు, ఫోను ఎత్తడు. పదకొండింటికి తను నిచ్చెనెక్కి చూస్తే మడులన్నీ ఎండి, శ్లాబు తెల్లబారుతోంది, ఆ తెలుపు తన కళ్ళముందే మూల నుంచి మూలకి పాకుతోంది. ఒక్క పూట కూడా ఆరనివ్వొద్దండి. ఇంటి వెనక పాతిక అడుగుల్లో రెండో చెరువు, ఉప్పుబోరు నీళ్ళు నింపి రొయ్యపిల్ల వదలడానికి సిద్ధంగా ఉన్న చెరువు, దాని గట్టు మీద మోటారు, మోటారుకి పైపు. అంత నీళ్ళు కళ్ళెదురుగా నిగనిగలాడుతుంటే, ఇంత శ్లాబు దాహంతో నోరు తెరుచుకుని ఉంటే. తను స్విచ్చి వేసింది. పైపు కొస భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కుతుంటే నీళ్ళు వస్తున్న బరువు పైపులో కదలడం ఇప్పటికీ భుజానికి గుర్తే. మడులు ఒక్కొక్కటీ నిండి ఆకాశం అందులో పడుతుంటే ఎంత ముచ్చటేసిందో. ఒక పూటే కదా అనుకుంది. మర్నాడు కూడా ట్యాంకరు రాలేదు. ఆ మర్నాటికి భయం పోయి అలవాటైంది. అలా ఐదు రోజులు.

శ్లాబు పోసిన తొమ్మిదో రోజున మౌలాలి తిరిగొచ్చాడు, ఎర్రబడిన కళ్ళతో తిన్నగా నిచ్చెనెక్కాడు. కింద నిలబడి తను చూస్తూనే ఉంది. ఆయన గొంతుక్కూర్చుని, మడిలో వేలు ముంచి, నాలిక్కి తగిలించుకున్నాడు. ఇంకో మడిలో ముంచాడు. అప్పుడు పైనుంచి తన వంక చూశాడు. తను చీరకొంగు సరిచేసుకుంది, చేతికి వేరే పనేమీ దొరక్క. ఆయన గట్లు తెంపి నీళ్ళన్నీ వదిలేసి, తనే ఎక్కడికో వెళ్ళి ట్యాంకరు వెంటపెట్టుకొచ్చి, శ్లాబుని రెండుసార్లు కడిగి మళ్ళీ మడులు కట్టాడు. "మంచినీళ్ళు ఇంకో పది రోజులు పట్టండమ్మగారూ," అన్నాడు వెళ్ళేటప్పుడు. అంతే. రాత్రి భోజనాల దగ్గర వెంకట్రాజు "శ్లాబు బాగా తడుపుతున్నావా" అంటే "ఆఁ" అంది. ఆ ఒక్క అక్షరం ఎంత చిన్నది.

నాలుగేళ్ళకి మొదటి పెచ్చు ఊడింది. ఊడుతుందని తెలిసినట్టే చూసింది తను. ఇసకలో ఉప్పుందన్నారు, సిమెంటు కొట్టేశాడన్నారు, వెంకట్రాజు ఆయన్ని పిలిపించి వాకిట్లో నిలబెట్టి అడిగాడు. మౌలాలి తలవంచుకుని, "నా చేతి పనండి, నేనే మాటపడాలండి," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు తన వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. గుమ్మంలో నిలబడి తను కూడా నేల వైపు చూసింది, వాకిట్లో ముగ్గు సగం చెరిగి ఉండటం చూసింది, ఆయన కాలి బొటనవేలి గోరు నల్లగా ఉండటం చూసింది, నోరు మాత్రం తెరవలేదు. మరిదిగారింటి పని ఆయనకి ఇవ్వలేదు. తర్వాత ఎవరూ ఇవ్వలేదు. కొన్నాళ్ళు మరుగుదొడ్లకి గోడలు కట్టాడు, చాంద్ బీ పోయాక కూతురు ఫర్జానా దగ్గరికి ఏలూరు వెళ్ళిపోయాడు. ఒక్క పైపు, ఒక్క స్విచ్చి. అదొక్కటే కారణమా? ఈ చుట్టుపక్కల ఏ శ్లాబు ఊడటం లేదు గనక, ప్రతి ఇంటి చుట్టూ ఉప్పుచెరువులే, గాలిలోనే ఉప్పు. అలా అని తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో. చెప్పుకున్న ప్రతిసారీ సగం నిజమే. సగం నిజం పడుకోనిస్తుంది గాని నిద్ర పట్టనివ్వదు.

ఫ్యాను ఎప్పుడు ఆగిందో, కరెంటు పోయినట్టుంది. చెమట మెడ కింద చేరుతుంటే చల్లగా ఉంది, ఆ చల్లదనం పట్టుకుని ఆమె ఎక్కడికో దిగింది. శ్లాబు మీద నీళ్ళున్నాయి, శ్లాబు గాజులా ఉంది, నీళ్ళని అడుగునుంచి చూస్తోంది. చెరువుల్లో గాలి కోసం తిరిగే ఏరేటర్లు పైన తెల్లగా నురగ కొడుతున్నాయి, చప్పుడు లేదు. అమ్మ దోనెలో వెళుతోంది, దోనె అడుగు నల్లగా కనపడుతోంది, తెడ్డు పడిన చోటల్లా వెలుగు విరిగి అతుక్కుంటోంది. రొయ్యపిల్లలు కళ్ళు మాత్రమే ఉన్నట్టు మెరుస్తూ గుంపులు గుంపులుగా మరకల మీదుగా ఈదుతున్నాయి. గట్ల మీద మౌలాలి నడుస్తున్నాడు, అరికాళ్ళు కనపడుతున్నాయి, ఒక్కో మడి దగ్గరా ఆగి వేలు ముంచి నాలిక్కి తగిలించుకుంటున్నాడు, తల అడ్డంగా ఊపి ఇంకో మడికి వెళుతున్నాడు, మడులు ఎంత దూరం ఉన్నాయంటే కలిదిండి దాటి, ఆకివీడు దాటి, కొల్లేరు దాటి. అన్నీ రుచి చూడాలంటే ఆయన ఒక్కడికి ఎన్నాళ్ళు పడుతుంది. మేస్త్రీ, దిగండి, అంటోంది తను. నీళ్ళ కింద మాట బుడగలై పోతోంది.

ఫోను మోగింది. కళ్ళు తెరిచేసరికి అదే కప్పు. మోగుతున్న చప్పుడులో ఏలూరు పాత బస్టాండు గుర్తొచ్చింది, ఎందుకో, నిరుడు కార్తికంలో కళ్ళజోడు కోసం వెళ్ళినప్పుడు. తాపీలు, మట్టపలక ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా పనికి పిలుస్తారేమోనని అరుగు మీద కూర్చున్న ముసలాయన లేచి నిలబడ్డాడు తనని చూసి. తను పక్కకి తప్పుకుందామనుకుంటూండగానే, "బాగున్నారాండీ అమ్మగారూ? రాజుగారు బాగున్నారాండీ? పెద్దమ్మగారు ఆ గదిలోనే పడుకుంటున్నారాండీ?" అన్నాడు. ఆఁ అంది. అదే అక్షరం. "మంచం మధ్యలో ఉంచొద్దండి. గోడవారకి లాగించండి. గోడ దగ్గర శ్లాబు పట్టుకుని ఉంటది, మధ్యలో నమ్మొద్దండి." ఆయన మళ్ళీ కూర్చుని, సంచీ ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆ సాయంత్రమే తను మంచం గోడవారకి లాగింది. ఎందుకే అని అత్తగారు అడిగితే ఊడ్వడానికి వీలుగా ఉంటుందని చెప్పింది.

ఫోను ఇంకా మోగుతోంది. మధ్యాహ్నం కునుకు తీసే అలవాటుండి వెంకట్రాజు భార్య నంబరే ఇచ్చినట్టున్నాడు. "నమస్తే అమ్మా, ఫాల్స్ సీలింగండి, కలిదిండి సెంటర్లో ఉన్నాను. ఇంటికెలా రావాలండీ?"

ఎడమ వైపు తిరిగి మూడో సందు అని చెప్పడానికే ఆమె నోరు తెరిచింది. ఎదురుగా ఆ గుంట, ఆ చువ్వలు. "రావద్దు బాబూ," అంది. "ఎండలో ఇంత దూరం రప్పించాం, ఏమనుకోకు. శ్లాబు తీయించేస్తున్నాం." అటువైపు మనిషి విసుక్కున్నాడో ఏమో, సరే అమ్మా అని పెట్టేశాడు. ప్రసూన మంచం మీద లేచి కూర్చుని తన మాటని తనే ఇంకోసారి వింది. తర్వాత లేచి, అంట్లు తోమి, టీ పెట్టింది.

నాలుగు గ్లాసుల టీ పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళేసరికి ముగ్గురూ హాల్లో ఉన్నారు. కరెంటు లేక అచ్చాయమ్మ పేపరుతో విసురుకుంటోంది. జయంత్ బండి తాళాలు వెతుక్కుంటున్నాడు.

"గూడెం అతను ఇంకా రాలేదేంటి?" అన్నాడు వెంకట్రాజు.

"నేనే రావద్దన్నానండీ."

"అదేంటి?"

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది, కూర్చోలేదు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "మౌలాలి గారు ఆ శ్లాబుని పాడు చెయ్యలేదు. నాలుగో రోజున ట్యాంకరు రాకపోతే చెరువు నీళ్ళు పెట్టింది నేను. ఐదు రోజులు పెట్టాను. వద్దని ఆయన నాకు చెప్పాకే పెట్టాను. ఆయనకి తెలుసు. మీరు వాకిట్లో నిలబెట్టి అడిగిన రోజున కూడా ఆయన నా పేరు చెప్పలేదు, నేనూ చెప్పలేదు."

అచ్చాయమ్మ చేతిలో పేపరు ఆగిపోయింది. జయంత్ తాళాలు దొరికినా తీసుకోలేదు.

"పన్నెండేళ్ళు దాచావు," అన్నాడు వెంకట్రాజు. "నన్ను ఆ మనిషి మీద అరవనిచ్చావు."

"అరవనిచ్చానండీ."

"దేవుడే జరిపించాడనుకున్నాను మంచాన్ని," అంది అచ్చాయమ్మ, ఏదో లెక్క సరిపోక అడుగుతున్నట్టు. "నువ్వు కదే జరిపింది."

"ఆయన జరపమన్నారు అత్తయ్యా. నిరుడు ఏలూరులో కనపడి."

వెంకట్రాజు టీ గ్లాసు తీసుకున్నాడు, తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. అతను ఇప్పుడు కాకపోతే రేపు, రేపు కాకపోతే నెలకి ఏదో ఒకటి అంటాడు, అనాలి కూడా. ప్రసూనకి ఆ మాట వినడానికి భయంగానే ఉంది.

"శ్లాబు తీయించేద్దాం," అంది ముగ్గురితోనూ. "మళ్ళీ శ్లాబా, జయంత్ చెప్పిన రేకులా, ఆ గదిలో పడుకునేది అత్తయ్య గనక ఆవిడ చెప్పినట్టే చేద్దాం. చేసేది ఎవరన్నది మాత్రం నేను చెప్తాను. రేపు పొద్దున్న ఎనిమిదింటి బస్సుకి ఏలూరు వెళుతున్నాను, ఫర్జానా వాళ్ళింటికి. ఇక్కడ చెప్పిన మాటంతా అక్కడ ఆ పిల్ల ముందు కూడా చెప్తాను. ఆయన వస్తానంటే వెంటపెట్టుకొస్తాను. రానంటే, ఎందుకు రారో అది విని వస్తాను."